వాకిలికి పెట్టిన బొట్టు

"రాజు లేకుండా రాణిని ఒక్కదాన్నే నిలబెడితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు మే?"

అత్త చెంగమ్మ అడిగింది. రాఘవమ్మ బొమ్మల కొలువు పై మెట్టు మీద పరిచిన పంచె అంచును మళ్ళీ ఒకసారి సర్దింది. సర్దడానికి అందులో ఏమీ లేదు.

కింది మెట్లన్నీ నిండిపోయాయి. మట్టి శెట్టి, మట్టి శెట్టెమ్మ పప్పులూ బెల్లమూ ముందు పెట్టుకుని అంగడి తెరిచి కూర్చున్నారు. పెళ్ళివారి పల్లకీ ఒక మూల ఆగి ఉంది. నేల మీద ఇసుక పోసి, అందులో ఆవాలు మొలిపించి పచ్చటి వరిమడి చేసింది రాఘవమ్మ. పగిలిన అద్దం ముక్కలు వరసగా పేర్చి ఉప్పుకాలవ పారించింది. దాని మీద తాటాకు పడవ ఒకటి చెన్నపట్నం వైపు ముక్కు తిప్పుకుని నిలబడింది.

పై మెట్టు మాత్రం బోసిగా ఉంది.

అక్కడ ఉండవలసినది ఎర్రచందనపు జంట. చెంగమ్మ కాపరానికి వచ్చేటప్పుడు పుట్టింటివాళ్ళు తిరుపతిలో కొని చేతిలో పెట్టిన రాజూ రాణీ. వాకాడులో ఆ ఇంటి కొలువంటే ఆ జంటే. పాడ్యమి నాడు వాళ్ళు పైకెక్కితే దసరా వచ్చినట్టు, దశమి రాత్రి వాళ్ళను పడుకోబెడితే దసరా అయిపోయినట్టు.

ఇప్పుడు రాణి ఈ ఇంట్లో ఉంది. రాజు గోడకు అవతల, బావగారి ఇంట్లో ఉన్నాడు.

"పంచింది నువ్వే గదత్తా?" అంది రాఘవమ్మ చివరికి.

"నేనే. కాదన్నానా? నిరుడు పెద్దమనుషులు నా కళ్ళ ముందర ఎద్దుల్ని చెరొకటి విడదీసినారు. గంగాళాలు చెరొకటి ఇచ్చినారు. బొమ్మలేం చేద్దామమ్మా అన్నారు. ఆ ఊపులో నేనూ చెరొకటి అన్నా. అప్పుడు నాకంత ఆలోచన యాడ ఏడిసింది?" చెంగమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నిరుడు రెండిళ్ళలోనూ కొలువు లేకపోయె. ఈ ఏడు కూడా తప్పితే ఇంటికి మంచిది కాదు. రాజు కోసం నిన్న చేపల కామమ్మతో కబురు పంపితివే, ఏమైంది?"

"ఏమీ రాలా."

"అవుననీ రాలా, కాదనీ రాలా?"

"ఏదీ రాలా అత్తా."

పశువుల కొట్టంలోంచి ఓబులేసు కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాడు. భార్య ముఖం చూశాడు, ఖాళీ మెట్టు చూశాడు.

"దీనికింత రాద్ధాంతం ఎందుకు? మధ్యాన్నం బస్సుకు నాయుడుపేట పోయి కొత్త జంట తెస్తా. రాజు దొరకని ఊరా అది?"

"బొమ్మ కోసం కాదు," అంది రాఘవమ్మ.

"మరి దేని కోసం?"

ఆమె ఏం చెబుతుంది? అక్క కోసం అని చెప్పాలి. వెంకటశేషమ్మ రాఘవమ్మకు తోడబుట్టింది కాదు, తోడికోడలు. కానీ పుట్టింట్లో అక్కచెల్లెళ్ళు లేని పిల్ల కాపరానికి వచ్చి మొదటిసారి నోరారా అక్కా అని పిలిచింది ఆమెనే. నిప్పు ఎంత ఉంటే పాయసం విరగదో, నన్నారి వేర్లు ఎంతసేపు మరిగితే షర్బతుకు రంగు దిగుతుందో, పేరంటాళ్ళలో ఎవరికి ముందు తాంబూలం ఇస్తే ఎవరు మూతి ముడుస్తారో, అన్నీ ఆమె దగ్గరే నేర్చుకుంది. ఆ మాట మొగుడితో ఎట్లా చెప్పడం?

చెప్పకపోయినా ఓబులేసుకు తెలిసినట్టుంది. గొంతు పెంచాడు.

"చూడు రాఘవా. పైరు పొట్టమీద ఉంటే, నా మడవకు అడ్డం మట్టి కొట్టినాడు ఆ పెద్దమనిషి. సొంత తమ్ముడి చేలోకి చుక్క నీళ్ళు పారనీలేదు. నువ్వు ఆ ఇంటి గడప తొక్కినావంటే నా మీద ఒట్టే!"

"పండగ పూట ఒట్లేందిరా అబ్బయా!" అని చెంగమ్మ నెత్తి కొట్టుకుంది.

 రాఘవమ్మ వంటింట్లోకి పోయింది.

అక్కడ ఇంకో కష్టం కాచుకుని ఉంది. మొదటి రోజు నైవేద్యం శనగ గుగ్గిళ్ళు. డబ్బా తెరిస్తే శనగలు గలగలమన్నాయి. రాయిలా ఎండి ఉన్నాయి. ముందు రోజు రాత్రి వాటిని నానబెట్టాలి. ఆ సంగతి రాఘవమ్మకు తెలియక కాదు. కాపరానికి వచ్చినప్పటి నుంచి ప్రతి ఏడూ ఆ పని అక్క చేసేది. పొద్దున లేచేసరికి కుండలో శనగలు ఉబ్బి నవ్వుతూ ఉండేవి. వాటంతట అవే నానతాయన్నట్టు ఈమె చేతులకు అలవాటైపోయింది.

డబ్బా మూత పెట్టి పెసల డబ్బా తీసింది. పెసలకు నానడం అక్కర్లేదు.

పొయ్యి మీద ఎసరు పెట్టి, కుంకుమ భరిణె చేతిలోకి తీసుకుంది. ఓబులేసు వాకిట్లో పగ్గం పేనుతున్నాడు.

"యాడికి?"

"పేరంటానికి పిలిచేదానికి."

"ఎవర్ని?"

"గడప తొక్కొద్దన్నారు. గడప ముందర నిలబడొద్దని చెప్పలేదు."

ఓబులేసు చేతిలో పగ్గం ఆగిపోయింది. లోపల చెంగమ్మ నవ్వు ఆపుకోలేక దగ్గింది.

*

రెండిళ్ళకూ మధ్య గోడ కొత్తది. దాన్ని చుట్టి సందులోంచి వస్తే బావగారి వాకిలి. ఈ వేసవిలోనే ఆ ఇంటికి కరెంటు వచ్చింది. చూరు కింద తీగలు చుట్టిన తెల్లటి పింగాణీ గిన్నెలు రెండు కొత్త పళ్ళలా మెరుస్తున్నాయి.

అరుగు మీద పద్మనాభయ్య పత్రిక చదువుతూ కూర్చున్నాడు. మరదలి అలికిడి కాగానే పత్రిక ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. బావగారు తమ్ముడి భార్యతో ఎదురుపడి మాట్లాడే ఆచారం ఆ ఇంట్లో లేదు. ఏదైనా చెప్పాలంటే స్తంభానికి చెప్పేవాడు. ఆమె వినేది.

రాఘవమ్మ గడపకు బారెడు దూరంలో నిలబడి కొంగు సర్దుకుంది. కాలి పట్టీ ఒకసారి కదిలించింది.

"ఇంట్లో ఎవరూ లేరు," అన్నాడు పద్మనాభయ్య స్తంభంతో.

సరిగ్గా ఆ మాట మీదనే లోపల రోకటి పోటు వినిపించింది. దానితోపాటు గాజుల చప్పుడు. వేయించిన ధనియాలూ ఎండుమిరపకాయలూ కలిపి దంచుతున్న ఘాటు వాకిటిదాకా వచ్చింది. గుగ్గిళ్ళ తిరగమోత దించాక చివర్లో ఆ పొడి చల్లే మనిషి ఊరు మొత్తంలో ఒక్కతే.

రాఘవమ్మ చెవి ఒగ్గింది.

ఉగాదికి పచ్చడి గిన్నె పట్టుకుని వచ్చినప్పుడు కూడా బావగారు ఇదే చెప్పాడు. వినాయక చవితికి ఉండ్రాళ్ళు తెచ్చినప్పుడూ ఇదే. రెండుసార్లూ నమ్మింది. అక్క ఏ గుడికో పోయి ఉంటుందనుకుని గిన్నె వెనక్కి తీసుకుపోయింది. మరి అప్పుడు కూడా...?

అక్కా అని ఒక్క కేక వేస్తే చాలు. కానీ ఆ కేక వేస్తే, బావగారిని ఆయన అరుగు మీదే, ఆయన ముఖం మీదే, అబద్ధాలకోరును చేసినట్టు. పదిమందిలో పెద్దమనిషి అనిపించుకున్నవాడు. ఇంటికి పెద్దకొడుకు. నోటిదాకా వచ్చిన పిలుపు నోట్లోనే ఉండిపోయింది.

పిలవబోయిన ఇల్లాలు ఇంట్లో లేకపోతే ఆమెకు బదులు ద్వారబంధానికి బొట్టు పెట్టి రావడం ఆనవాయితీ. బొట్టు పెట్టకుండా వెనక్కి పోతే పిలవనట్టు. పెడితే, అక్క లేదని తనూ ఒప్పుకున్నట్టు.

రోకటి పోటు ఆగలేదు.

రాఘవమ్మ చెయ్యి చాచి, ద్వారబంధానికి కుంకుమ బొట్టు పెట్టింది. వెనక్కి తిరిగి చూడకుండా సందులోకి నడిచింది. పోతూ ఉంటే వెనక గాజుల చప్పుడు ఆగిపోవడం వినిపించింది.

*

మధ్యాహ్నం తూపిలిపాలెం కామమ్మ వచ్చింది. నవరాత్రుల్లో చేపలు అమ్ముడుపోవు కాబట్టి గంప నిండా గవ్వలూ, ఆలిచిప్పలూ ఏరుకొచ్చింది. కాలవ గట్టుకు పేర్చుకొమ్మని గుమ్మరించింది. గుమ్మరించాక పోలేదు. నిలబడింది.

"చిన్నమ్మా, నువ్వు చేసిందేంది తల్లీ?"

"ఏం చేసినా?"

"పెద్దమ్మ ఆ వాకిలి కాడ కూలబడి ఏడస్తా ఉండాది. నేను ఇంట్లో ఉండంగానే నన్ను లేనిదాన్ని చేసి పోయినాది, బతికుండంగానే వాకిలికి బొట్టు పెట్టినాది అంటాది. తుడిచేద్దామని గుడ్డ తెచ్చినా. చెయ్యి పట్టుకుని తుడవనీలా."

చెంగమ్మ వక్క కొరుకుతూ ఆగింది. "నిజమేనా మే? ఆమె ఇంట్లోనే ఉండిందా?"

"ఉండింది."

"నీకు తెలుసునా?"

"తెలుసు."

"తెలిసి వాకిలికి బొట్టు పెట్టినావా! నీకేమన్నా పిచ్చా?"

బావగారే లేదన్నాడని ఒక్క ముక్క చెబితే తన మీద మచ్చ పోతుంది. ఆ ముక్క కామమ్మ గంపలో పడి సాయంత్రానికి గోడ దాటుతుంది. ఇన్నాళ్ళూ మగవాళ్ళ మధ్య ఉన్న గొడవ అప్పుడు అక్క సంసారంలోకి పోతుంది. తను పెట్టిన బొట్టుతోనే పోతుంది.

"ఏదో తోచలేదత్తా," అంది.

కామమ్మ గంప ఎత్తుకుని, "తోచకపోతే పిలవాల, చిన్నమ్మా. సముద్రం మీద మా మొగోళ్ళు చీకట్లో ఒకరికొకరు కనపడకపోతే కేకలేసుకుంటారు. మీకు ఒక్క గోడకే గొంతు పడిపోయినాదే," అంటూ వెళ్ళిపోయింది.

రాఘవమ్మ కూర్చుని గవ్వలు పేర్చింది. కాలవకు ఒక గట్టు అయింది. రెండో గట్టు సగంలో కళ్ళు మసకబారి, ఏది గవ్వో ఏది ఇసుకో తెలియలేదు.

*

దీపాలవేళకు పేరంటాళ్ళు వచ్చారు. మావిడాకులూ రంగు కాగితాలూ కలిపి కట్టిన తోరణాలు మెచ్చుకున్నారు. మంత్రసాని రమణమ్మ ముందు కాలవను చూసింది, తర్వాత తల పైకెత్తింది.

"ఇదేంది, రాణెమ్మ ఒక్కతే నిలబడుండాది? రాజు యాడికి పోయినాడు?"

"పడవెక్కి చెన్నపట్నం పోయినాడులే," అంది చెంగమ్మ. "ఉప్పు అమ్ముకుని వస్తాడు."

"వచ్చేటప్పుడు ఇంకో రాణిని తేకుండా చూసుకోండి!"

అందరూ నవ్వారు. రాఘవమ్మ కూడా నవ్వి, నన్నారి షర్బతు గ్లాసుల్లో నిమ్మకాయ పిండింది. అంతకుముందే పై మెట్టు మీద రాణి పక్కన ఖాళీ పీట ఒకటి వేసి, దాని మీద చేమంతి దండ పెట్టింది. మనిషి లేచి వెళ్ళిన చోటులా ఉంది అది.

"మొదటి రోజు పెసలేందమ్మాయ్?" అని ఇంకొకామె నోట్లో వేసుకుంటూ అడిగింది. "మీ ఇంట్లో శనగలు గదా ఆనవాయితీ?"

జవాబు చెప్పే అవసరం రాలేదు. వాకిట్లో మాటలు ఒక్కసారిగా అణిగిపోయాయి.

వెంకటశేషమ్మ వచ్చింది.

పండగ చీర కట్టుకుంది. ముఖం కడుక్కున్నా కళ్ళ కింద ఎరుపు పోలేదు. గడపకు బారెడు దూరంలో, పొద్దున రాఘవమ్మ తన ఇంటి ముందు నిలబడినంత దూరంలోనే నిలబడింది. చేతిలో కుంకుమ భరిణె ఉంది.

"అక్కా..." రాఘవమ్మ షర్బతు గ్లాసుతో ఎదురు పోయింది. "రా అక్కా, లోపలికి రా!"

శేషమ్మ ఆమె ముఖంలోకి చూసింది. చూస్తూనే చెయ్యి చాచి, రాఘవమ్మ నుదుటిని దాటించి, పక్కనున్న ద్వారబంధానికి బొట్టు పెట్టింది.

భరిణె మూత పెట్టుకుని వచ్చినదారినే వెళ్ళిపోయింది.

 గ్లాసులోని నిమ్మగింజ మెల్లగా అడుగుకు దిగింది.

"ఎంత గీర!" అంది రమణమ్మ. "ఎదురుగా మనిషిని పెట్టుకుని..."

"నువ్వు మాట్లాడబాక," అంది చెంగమ్మ. ఆమె కర్ర ఊతంతో లేచి వాకిలి దగ్గరికి వచ్చి, ఆ బొట్టును ముఖం దగ్గరగా పెట్టి చూసింది. "పిలిచింది మే. కోపంతో పిలిస్తే ఏంది, పిలిచింది. పిలవకుండా ఉండలేకపోయింది."

రాఘవమ్మ కొలువు దగ్గరికి పోయి మడమలెత్తి రాణిని కిందికి దించింది.

"వాడు ఒట్టు పెట్టినాడు గదా?" అంది చెంగమ్మ, మెల్లగా.

"గడప తొక్కను అత్తా."

*

బావగారి ఇంటి లోపల కరెంటు బల్బు వెలుగుతోంది. పొద్దున పెట్టిన బొట్టు ద్వారబంధం మీద అట్లాగే ఉంది. ఎవరూ తుడవలేదు.

లోపల చిన్న కొలువు. మెట్లు రెండే. పైన రాజు ఒక్కడే, పక్కన మనిషికి చోటు వదిలి, ఒక వారగా నిలబడి ఉన్నాడు. పరిచిన చాప మీద ఎవరూ లేరు. తాంబూలాల పళ్ళెం కదలలేదు. గుగ్గిళ్ళ గిన్నె మీద మూత తీయలేదు. ఊళ్ళో ఇంకే వాకిలికీ ఆ భరిణె పోలేదని రాఘవమ్మకు అప్పుడు అర్థమైంది.

అరుగు మీద పద్మనాభయ్య పత్రిక చదువుతూనే ఉన్నాడు. బల్బు వెలుతురు అంతదూరం రావడం లేదు.

"రాణిని తెచ్చినానక్కా."

"ఇట్లా ఇవ్వు."

శేషమ్మ గడపకు లోపల నిలబడి అందుకుంది. లోపలికి రమ్మనలేదు. రాణిని రాజు పక్కన నిలబెట్టి, కొంచెం జరిపి, మళ్ళీ కొంచెం జరిపింది. నల్లబడిన ఆ రెండు ముఖాలూ వెలుతురులో ఒకదానికొకటి ఆనుకుని నిలిచాయి. రాఘవమ్మ బయటినుంచి చూసింది. ఇంతకుముందు ఏటా ఆ జంటకు ఇటొకరు అటొకరు నిలబడి దండలు వేసేవాళ్ళు. ఎవరి దండ బాగుందని అత్తను అడిగి విసిగించేవాళ్ళు.

శేషమ్మ వీపు తిప్పకుండానే అంది.

"శనగలు నానబెట్టలా గదా?"

 "లేదక్కా. పెసలు చేసినా."

"తెలుసు. వాసన గోడ దాటి వచ్చింది. ఇంగువ ఎక్కువేసినావు." శేషమ్మ గిన్నె మూత తీసి, గిన్నెతోనే గడప దగ్గరికి వచ్చి గరిటెడు గుగ్గిళ్ళు తీసింది. "పట్టు."

రాఘవమ్మ దోసిలి చాచింది. గరిటె దోసిలి మీదకు వచ్చి ఆగింది.

"ఒక్కటి అడగతా. పొద్దున రోట్లో పొడి దంచతా ఉన్నా. నా గాజుల చప్పుడు నీకు వినపళ్ళా?"

"వినపడిందక్కా."

"వినపడినా నన్ను లేనిదాన్ని చేసి పోయినావు."

అరుగు మీద పత్రిక కదల్లేదు. పేజీ తిరగలేదు.

"నాదే తప్పు. నువ్వు లేవనుకున్నా."

"వినపడిందంటావు. లేవనుకున్నానంటావు. ఏ మాట నమ్మమంటావు రాఘవా?" శేషమ్మ గిన్నెను నడుముకు ఆనించుకుంది. "కోపముంటే తిట్టకూడదా? ఉగాదికి వస్తావని చూసినా. నీ కోసం పచ్చడి ఎత్తిపెట్టినా. చవితికి చూసినా. నువ్వు రాలా. వచ్చి వచ్చి ఈ పొద్దు వచ్చి, వాకిలికి బొట్టు పెట్టి పోతావా?"

రాఘవమ్మ తల వంచుకుంది. నేల మీద రెండు చుక్కలు పడ్డాయి. నోరు తెరిస్తే నిజం వచ్చేస్తుందని పళ్ళు బిగించుకుంది.

అప్పుడు పత్రిక మడతపెట్టిన చప్పుడైంది.

"ఇంట్లోనే ఉండింది," అన్నాడు పద్మనాభయ్య. ఎప్పటిలాగే స్తంభంతో చెప్పాడు. "పొద్దున కూడా ఇంట్లోనే ఉండింది. లేదని నేనే చెప్పినా. ఆ బిడ్డది తప్పు లేదు."

 శేషమ్మ చూపు రాఘవమ్మను వదిలి అరుగు మీదికి పోయింది. ఆ చూపు తగిలి పద్మనాభయ్య మడిచిన పత్రికను మళ్ళీ మడిచాడు.

"పొద్దున ఒక్కసారేనా చెప్పింది?" అంది శేషమ్మ, మెల్లగా. "ఉగాదికి కూడా చెప్పినారా?"

స్తంభం వైపు తిరిగిన ఆ ముఖం ఇటు తిరగలేదు.

శేషమ్మ చేతిలోని గరిటె గిన్నెలోకి జారిపోయింది. రాఘవమ్మ దోసిలి గడప మీదుగా చాచి, ఖాళీగా, అట్లాగే ఉండిపోయింది.